ఫెరఖర్ గుంటకు కొత్త పేరు

కెల్డీ లోయలో జనం పేర్లు పెట్టే తీరు చూస్తే, ఒకరిమీద ఒకరు కసి తీర్చుకోవడానికే దేవుడు వాళ్ళకు ఇంత నేల ఇచ్చాడేమో అనిపిస్తుంది. అందమైన పేర్లు లేకపోలేదు. ఉన్నాయి, కాని అవన్నీ మనిషి కాలు పెట్టని శిఖరాలకే. మనుషులు తిరిగే ప్రతి రాయికీ ప్రతి మలుపుకూ ఎవరిదో ఒకరి పరువు కట్టేసి ఉంటుంది. మర్డో అనేవాడు సంతలో గుడ్డి గుర్రాన్ని మంచి గుర్రమనుకుని కొని ఇంటికి తోలుకొస్తుంటే అది తిన్నగా పోయి వాగులో పడింది. మర్డో పోయి అరవై ఏళ్ళయింది, గుర్రం అంతకంటే ముందే పోయింది, ఆ రేవు మాత్రం ఇప్పటికీ 'మర్డో చూపు'. పెళ్ళి నాడు పారిపోయిన పిల్ల చెప్పు దొరికిన చోటు 'ఒంటి చెప్పు గట్టు'. ఆ పెళ్ళికొడుకు ఇంకొకతెను కట్టుకుని కన్న సంతానం ఆ గట్టు మీదే ఆవులు మేపుకుంటూ, నోరారా ఆ పేరే పలుకుతుంది. వాళ్ళకు సిగ్గు లేదని కాదు. వేరే పేరు లేదు, అంతే.

వాటన్నిటిలోకీ కొత్తది ఫెరఖర్ గుంట. దాని వయసు ఇరవై ఒక్క ఏళ్ళు. దాని సొంతదారు ఇంకా బతికే ఉన్నాడు.

అప్పట్లో ఎస్టేటు వాళ్ళు లోయలో పై సగం ఖాళీ చేయించి గొర్రెలకు వదలాలనుకున్నారు. కాగితాలు పట్టుకుని పోలీసులు వస్తున్నారని ఎవరో ఉప్పందించారు. అలాంటప్పుడు ఆ సీమలో ఆడవాళ్ళు ముందు నిలబడతారు. ఆడదాని మీద లాఠీ ఎత్తరని వాళ్ళ నమ్మకం. మగవాళ్ళు కొండ వెనక పొంచి ఉంటారు, ఈల వినపడగానే దిగుతారు. ఆ ఈల ఫెరఖర్ చేతిలో పెట్టారు. అతనికప్పుడు పాతికేళ్ళు. దారికి అడ్డంగా నిలబడ్డ ఆడవాళ్ళలో షోనెచ్ ఉంది. పంట ఇంటికి రాగానే వాళ్ళిద్దరికీ పెళ్ళి.

నలభై మంది పోలీసులు మలుపు తిరగడం అందరికంటే ముందు చూసింది ఫెరఖరే. ఈల నోట్లో పెట్టుకున్నాడు కూడా. ఆ తరువాత ఏమైందో తనకే గుర్తు లేదంటాడు. పొయ్యిలోకి పీట్ అనే మండే మట్టిగడ్డలు కోసుకోగా మిగిలిన నడుము లోతు గుంట ఒకటి పక్కనే ఉంది. అందులో దిగి, ముడుచుకుని, నల్ల బురదకు మొహం ఆనించి పడుకున్నాడు. ఈల పళ్ళ మధ్యే ఉంది. పైన జరిగినదంతా చెవులతో విన్నాడు. కేకలు విని మగవాళ్ళు దిగేసరికి దిగడానికేమీ మిగల్లేదు. షోనెచ్ తల పగిలింది, మూడో రోజు పోయింది. ఆమె అక్క ఓయ్రిక్ తల కూడా పగిలింది గాని ప్రాణం దక్కింది. నడినెత్తిన రూపాయి కాసంత గుంట పడి, అక్కడ మళ్ళీ వెంట్రుక మొలవలేదు. ఆ సాయంత్రం టోర్మోడ్ కుక్క మొరిగి మొరిగి ఫెరఖర్‌ను బయటపెట్టింది. టోర్మోడ్ గుంటలోకి తొంగిచూసి, "ఇదిగో, పెళ్ళికొడుకు ఇక్కడున్నాడు" అన్నాడు. ఆ పూటనుంచి అది ఫెరఖర్ గుంట.

ఫెరఖర్ మర్నాడే లోయ విడిచి పోయాడు. ఆరేళ్ళపాటు పశువుల మందలు తోలుకుంటూ దక్షిణాన తిరిగి, ఇంగ్లీషు నేర్చుకుని, నాలుగు రాళ్ళు వెనకేసుకుని తిరిగొచ్చాడు. ఎందుకొచ్చాడంటే, ఆ లోయవాడికి ఇంకెక్కడా నిద్ర పట్టదు కాబట్టి. రాతి ఇల్లు కట్టాడు. చర్చిలో చక్కగా ప్రార్థన చేస్తాడని అతన్ని పెద్దల్లో ఒకడిగా కూర్చోబెట్టారు. ఆదివారం అందరూ పెద్దాయనా అని పిలుస్తారు. సోమవారం అదే జనం, అతని ఎదుటే, "సరేనమ్మా, పీట్ తట్టలు ఫెరఖర్ గుంట దగ్గర పెట్టండి, అక్కడ కలుద్దాం" అనుకుంటారు. ఒక్కరూ నవ్వరు. నవ్వితే కొట్లాడొచ్చు. నవ్వనివాళ్ళతో ఏం చేస్తాం?

ఇలా ఉండగా ఆ వేసవిలో సర్వే వాళ్ళు వచ్చారు. రాణిగారి సైన్యంలో కార్పొరల్ టాన్‌ఫీల్డ్ అనే ఆయన, కొలత గొలుసులు మోసే ఇద్దరు మనుషులు, నల్ల అట్టల పుస్తకం ఒకటి. లోయలో ప్రతి గుట్టకూ ప్రతి వాగుకూ పేరు, ఆ పేరు ఎలా వచ్చిందన్న సంగతి పుస్తకంలో ఎక్కించాలట, తరువాత పేర్లన్నీ పటంలో అచ్చేస్తారట. కార్పొరల్‌కు లోయవాళ్ళ భాష గేలిక్ ఒక్క ముక్క రాదు. లోయలో ఇంగ్లీషు వచ్చినవాడు, పాస్టరు గారిని మినహాయిస్తే, ఫెరఖర్ ఒక్కడే. పాస్టరు గారికి మోకాళ్ళ నొప్పులు. అందుకని దుబాసీ పని ఫెరఖర్‌కు వచ్చిపడింది.

ఆ కబురు వినగానే ఫెరఖర్‌కు ముందు తట్టింది ఒకటే. అచ్చులో పడితే గుంటకు ఇక చావు లేదు. తను పోయాక కూడా పటం విప్పిన ప్రతివాడూ అందులో వేలు పెట్టి చూపిస్తాడు. అదే అచ్చులో అది మరో పేరుతో పడిందా, టోర్మోడ్ లాంటి ముసలాళ్ళు నలుగురు పోగానే పాత పేరు వాళ్ళతోపాటే మట్టిలో కలుస్తుంది. ఇరవై ఒక్క ఏళ్ళ తరువాత దేవుడు తనమీద దయ తలచాడనుకున్నాడు.

ఒక్కవారం లోయంతా అతని గుమ్మంలోనే ఉంది. ఒకరు గుడ్లు తెచ్చారు, ఒకరు విస్కీ తెచ్చారు, మర్డో మనవడు ఏకంగా కోడినే పట్టుకొచ్చి, "పెద్దాయనా, ఆ రేవు పేరు కాస్త మర్చిపోదురూ" అని బతిమాలాడు. ఫెరఖర్ కోడిని తీసుకున్నాడు, మర్డో చూపును పుస్తకంలో ఎక్కించాడు. పాపం అనిపించలేదా అంటే, అనిపించలేదు. ఇన్నేళ్ళూ తనమీద ఎవరికనిపించింది గనక?

"ఒరే ఫెరఖర్‌గా, ఊరి పేర్లన్నీ రాయించేస్తున్నావంట. నీ ఆస్తి కూడా రాయించావా?" అని టోర్మోడ్ గోడ మీద కూర్చుని అడిగాడు. డెబ్బై దాటినా నోరు మాత్రం పదునే.

"నాకేం ఆస్తుంది తాతా?"

"అదేంట్రా, ఆ గుంట లేదూ? మా అందరివీ కౌలు భూములు. ఈ లోయలో పట్టా లేకుండానే సొంతమైంది అదొక్కటేరా!"

పేరు ఎక్కించడానికో పద్ధతుంది. ప్రతి పేరుకూ ముగ్గురు మర్యాదస్తులు అవునని చెప్పాలి. మర్యాదస్తుడంటే శిస్తు వసూలు చేసేవాడు, కట్టేవాడు కాదు. కాబట్టి లోయలో పుట్టినవాళ్ళెవరూ ఆ లెక్కలోకి రారు. పాస్టరు గారు, ఎస్టేటు గొర్రెల మీద పెత్తనానికి దక్షిణాన్నుంచి వచ్చిన ఒకాయన, రేవు పట్నంలో సత్రం నడిపే ఇంకొకాయన, వీళ్ళు ముగ్గురూ. ఫెరఖర్ ఏది చెప్తే వాళ్ళు అదే అన్నారు. ఆ ముగ్గురిలో ఒక్కడూ పీట్ దారి ఎక్కి ఎరగడు.

గుంట దగ్గరికి వచ్చిన రోజు సన్నగా చినుకు పడుతోంది. గుంటనిండా నల్లటి నీళ్ళు.

"దీని పేరు?" అన్నాడు కార్పొరల్.

"షోనెచ్ బావి."

అప్పటికప్పుడు నోటికొచ్చిందని తరువాత ఫెరఖర్ తనకు తాను చెప్పుకున్నాడు. వట్టిమాట. మూడు రోజులుగా నాలిక మీద తిప్పుకుంటూనే ఉన్నాడు. షోనెచ్ పేరు పెడితే దానికీ గౌరవమేగా, లేకపోతే దాన్ని తలుచుకునేదెవరు, అని సర్దిచెప్పుకున్నాడు కూడా. ముగ్గురు మర్యాదస్తులూ సంతకాలు చేశారు. ఆ రాత్రి ఫెరఖర్ హాయిగా నిద్రపోయాడు.

అంతటితో తేలిపోవలసిందే. కాని కార్పొరల్ ఒకసారి దెబ్బతిన్న మనిషి. అంతకుముందు పక్క లోయలో కుర్రాళ్ళు ఒక కొండకు పచ్చి బూతు పేరు చెప్పి రాయించారు, ఆయన దాన్ని అచ్చుదాకా పంపించాడు, పైవాళ్ళతో నానా చీవాట్లూ తిన్నాడు. అందుకని ఇప్పుడు పేర్లన్నీ జనం మధ్య నిలబడి తనే చదువుతానన్నాడు. ఎవరైనా నవ్వితే ఆ పేరు కొట్టేస్తాడట. జనానికి పనులున్నాయి, రారు దొరా, అని ఫెరఖర్ చెప్పి చూశాడు. పీట్ మోసుకునే రోజున అందరూ అక్కడే ఉంటారుగా, మనమే వెళ్దాం, అన్నాడు కార్పొరల్.

అలా అందరూ వచ్చిపడ్డది సరిగ్గా ఆ గుంట పక్కనే. ఆడవాళ్ళు తట్టలు దించి, గడ్డలమీద కూర్చుని ఓట్ రొట్టెలు నములుతున్నారు. కార్పొరల్ చదువుతుంటే ఆ ఉచ్చారణకు జనం కడుపులు పట్టుకుని నవ్వారు. ఆయనకు ఏ నవ్వు తన ఉచ్చారణకో ఏ నవ్వు తప్పుడు పేరుకో తెలియక చెమటలు పట్టాయి. చివరికి "షోనెచ్ బావి" అని చదివి, వేలితో గుంటను చూపించాడు. ఒక్కసారిగా నమిలే దవడలు ఆగిపోయాయి.

ఓయ్రిక్ లేచింది. యాభై దాటిన మనిషి, బక్కపలచన, తలగుడ్డ కనుబొమ్మలదాకా లాక్కుని కట్టుకుంటుంది. నిదానంగా నడిచొచ్చి ఫెరఖర్ ఎదుట నిలబడింది.

"ఎవరు చెప్పారీ పేరు?"

"నేనే చెప్పా వదినా. దాని జ్ఞాపకం నిలబడుతుందని..."

"వదినా అన్నావంటే పళ్ళు రాలగొడతా. ఆ వరస నువ్వు ఆ గుంటలోనే పాతిపెట్టావు. ఆనాడు నువ్వు తినాల్సిన దెబ్బలకి దాన్ని ఎదురుపెట్టావు. ఇవాళ నువ్వు మొయ్యాల్సిన సిగ్గుకీ దాన్నే ఎదురుపెడుతున్నావా? చచ్చి ఇన్నేళ్ళయినా దాని వెనకే నక్కుతావేంట్రా?"

"గట్టిగా అడుగమ్మా" అని వెనకనుంచి టోర్మోడ్ అందుకున్నాడు. "పోనీలే, ఈసారి గుంట చాల్లేదేమో పాపం."

ఏమంటోందామె, అని కార్పొరల్ అడిగాడు. ఓయ్రిక్ కార్పొరల్ వైపు, పుస్తకం వైపు, మళ్ళీ ఫెరఖర్ వైపు చూసింది.

"సరే, ఉండనీ" అంది. "పేరు ఉండనీ. కానీ పక్కన కథ కూడా రాస్తాడంటగా, పేరెలా వచ్చిందో. అది నేను చెప్తా. నేనొక మాట, నువ్వొక మాట. ఆయన భాషలో, ఇంతమందిలో, నీ నోటితోనే చెప్పాలి. చెప్పావా, మళ్ళీ ఆ గుంట పేరు నీ పేరుతో కలిపి నేననను, ఎవర్నీ అననివ్వను. చెప్పకపోయావా, ఇక్కడున్న ప్రతి మనిషీ నీ మీద వేలు పెట్టి గుంట చూపిస్తారు. దొరకి భాష రాకపోయినా వేలు అర్థమవుతుంది."

ఫెరఖర్ తలూపాడు. ఓయ్రిక్ చేతులు కట్టుకుని మొదలుపెట్టింది.

"షోనెచ్ నా చెల్లెలు."

"షోనెచ్ అనే ఆమె ఈవిడకు చెల్లెలట" అని ఫెరఖర్ ఇంగ్లీషులో చెప్పాడు. అది నిజమే.

"పోలీసులొచ్చిన రోజు పదిహేడు మంది ఆడవాళ్ళం ఇదే దారికడ్డంగా నిలబడ్డాం."

ఫెరఖర్ జనం వైపు చూశాడు. డెబ్బై మొహాలు, ఒక్కదానికీ ఇంగ్లీషు రాదు. ఒక్క క్షణం నిజం చెప్పేద్దామనే అనుకున్నాడు, ఆ మాట ఒప్పుకోవాలి. తరువాత నోరు తెరిచాడు.

"ఒకరోజు పెళ్ళికి వెళ్ళి పదిహేడు మంది ఆడవాళ్ళు ఈ దారినే తిరిగొస్తున్నారు."

"కాపలా ఉన్నది వీడు." ఓయ్రిక్ వేలు ఫెరఖర్ ఛాతీకి తగిలింది. "ఈల వీడి దగ్గరుంది. ఊదలేదు. ఆ గుంటలో దాక్కున్నాడు."

"వాళ్ళని ఇల్లు చేర్చే పని నాకప్పగించారు. ఆ గుంట దగ్గర జాగ్రత్తగా నడవండని చెప్పాను. వినలేదు."

ఓయ్రిక్ తలగుడ్డ విప్పేసింది. ఇన్నేళ్ళలో బయట ఎవరి ముందూ విప్పలేదు. ఆ నున్నటి గుంటలో కార్పొరల్ చూపు ఇరుక్కుపోయింది.

"ఇది నాది. దానిది ఇంతకంటే లోతు. మూడు రోజులు బతికింది. కళ్ళు కనపడలేదు. మూడు రోజులూ ఒకటే అడిగింది, ఫెరఖర్ ఈల ఊదాడా అక్కా, అని. ఊదాడే తల్లీ అని చెప్పా. నేనాడిన అబద్ధం అదొక్కటే."

ఫెరఖర్‌కు ఆ సంగతి తెలియదు. ఎవరూ చెప్పలేదు. నిజం చెప్పడానికి ఇంతకంటే మంచి అదను మనిషి జీవితంలో రెండోసారి రాదు. కాని కార్పొరల్ కలం ఎత్తి ఎదురుచూస్తున్నాడు, జనం ఎదురుచూస్తున్నారు, ఆ తలమీది గుంటకు ఏదో ఒక కారణం కావాలి.

"అక్కాచెల్లెళ్ళిద్దరూ తప్పతాగి ఉన్నారు. రాళ్ళమీద పడి తలలు పగిలాయి. ఈమె బతికింది. షోనెచ్ తాగిన మైకంలో గుంటలో పడి చచ్చిపోయింది."

కార్పొరల్ రాసుకున్నాడు. "అంతేనా? ఆమె చాలానే చెప్పినట్టుందే."

"ఆడవాళ్ళు కదా దొరా. చెప్పిందే చెప్తారు."

కార్పొరల్ నిట్టూర్చి, ఓయ్రిక్‌ను చూసి తల అడ్డంగా ఊపాడు. "తాగుడు ఎన్ని కొంపలు ముంచిందో. నేను విచారపడ్డానని ఆమెకు చెప్పండి."

"ఏమన్నాడు?" అంది ఓయ్రిక్.

గండం గడిచిన మనిషికి ధైర్యం వస్తుంది, ధైర్యంతోపాటు దానగుణం కూడా వస్తుంది. ఫెరఖర్ అన్నాడు: "మీకు ఘోరమైన అన్యాయం జరిగిందన్నాడు. రాణిగారి బట్టలేసుకున్నందుకు సిగ్గుగా ఉందన్నాడు."

ఓయ్రిక్ ఉన్నచోటే పీట్ గడ్డల మీద కూలబడింది. లాఠీ దెబ్బకు ఏడవని మనిషి, చెల్లెల్ని మట్టిలో పెట్టిన రోజు ఏడవని మనిషి, తలగుడ్డ నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆడవాళ్ళంతా ఆమె చుట్టూ చేరారు. టోర్మోడ్ టోపీ తీశాడు.

"మరి నీ గురించేమన్నాడ్రా?"

"నిన్ను చంపకుండా ఎలా వదిలేశారు, అన్నాడు తాతా."

"బుద్ధిమంతుడే. మేమూ అదే అనుకుంటున్నాం ఇన్నాళ్ళూ" అన్నాడు టోర్మోడ్. జనం నవ్వారు. ఇరవై ఒక్క ఏళ్ళలో మొదటిసారి, ఫెరఖర్ కూడా వాళ్ళతో కలిసి నవ్వాడు.

ఓయ్రిక్ కళ్ళు తుడుచుకుని లేచి, అతని రెండు చేతులూ పట్టుకుంది. "చెప్పావు. ఇంతమందిలో చెప్పావు. నేననుకోలా నువ్వు చెప్తావని. ఆఖర్న దాని పేరెత్తి ఒక మాటన్నావే, అది నాకు నేర్పు. వాళ్ళ భాషలో. దాని సమాధి దగ్గర చెప్తా. దానికీ తెలియాలిగా, నిజం పుస్తకంలోకెక్కిందని."

కార్పొరల్ పక్కనే ఉన్నాడు. మాట మార్చడానికి లేదు. ఫెరఖర్ ఆ వాక్యం మళ్ళీ చెప్పాడు. ఆమె మళ్ళీ అనమంది, మళ్ళీ చెప్పాడు. ఆ ముసలామె అందరి ముందూ నిలబడి, కన్నీళ్ళు కారుతుండగా, షోనెచ్ తాగిన మైకంలో గుంటలో పడి చచ్చిపోయిందని ఇంగ్లీషులో వల్లె వేస్తుంటే కార్పొరల్ చూడలేక పుస్తకం మూసేశాడు.

ఓయ్రిక్ మాటంటే మాటే. ఆ రోజునుంచి ఫెరఖర్ గుంట అన్నవాడు లేడు. ఎవరైనా చిన్నపిల్లలు నోరు జారితే చెంప మీద ఒకటి పడేది. ఫెరఖర్ గుమ్మంలో వెన్నముద్దలు కనపడ్డాయి. చర్చిలో అతను ప్రార్థన చేస్తుంటే జనం నిజంగానే కళ్ళు మూసుకున్నారు. వదినా అని పిలిస్తే ఓయ్రిక్ పలికింది. అతను కోరుకున్నదంతా వచ్చింది, కోరుకోనిది కూడా వచ్చింది. ప్రతి ఆదివారం ప్రార్థన కాగానే ఆమె చెల్లెలి సమాధి దగ్గరికి వెళ్ళి, తలగుడ్డ తీసి, గొంతెత్తి ఆ వాక్యం చెప్తుంది. ఆమెకు మర్యాదగా అందరూ నిలబడతారు. మొదటి నెలలో ఆమె ఒక్కతే చెప్పింది. ఎండాకాలం వెళ్ళేసరికి పిల్లలందరికీ నోటికొచ్చేసింది, కలిసి చెప్పడం మొదలుపెట్టారు. టోర్మోడ్ కూడా బోసినోటితో గొణుగుతాడు. పాస్టరు గారి మోకాళ్ళు బాగుంటే ఆయన సమాధుల వైపు వచ్చేవాడే. రాకుండా ఉండాలని ఫెరఖర్ వారమంతా ప్రార్థన చేసేవాడు.

చలి మొదలైన ఒక ఆదివారం ఓయ్రిక్ అతని చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్ళింది.

"ఫెరఖర్, కొత్త బడికి టీచరమ్మొస్తోందంట కదా, ఇంగ్లీషు చెప్పడానికి. ఎల్లుండే దిగుతోంది. ఆవిడకి మా షోనెచ్ సంగతి నేనే చెప్తా. నీ సాయం లేకుండా, నా నోటితోనే. పిల్లలు కూడా చెప్తారు వరసగా నిలబడి. నేర్పించా."

"ఎందుకొదినా, ఆవిడ కొత్తది..."

"కొత్తది కాబట్టే. ముందే తెలియాలి, ఎలాంటిదాని ఊరికొచ్చిందో. కానీ మధ్యలో ఒక మాట నాకు సరిగ్గా తిరగట్లా. ఇదిగో, ఇది." ఆమె ఆ మాట అంది. ఇంగ్లీషులో 'తాగిన' అనే మాట అది. వంకరగా, సగం మింగేసి, ఎవరికీ అర్థం కాకుండా అంది. "సరిగ్గా పలికించు నాచేత. దాని విషయంలో తప్పు పలకడం నాకిష్టం లేదు."

చుట్టూ పిల్లలు మూగి, నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. ప్రతివాడికీ ఆ వాక్యం ఆ చివరినుంచి ఈ చివరిదాకా కంఠతా వచ్చు. మాట మారిస్తే పట్టేస్తారు. ఫెరఖర్ టోపీ తీసి చేతుల్లో నలుపుకుంటూ, ఆ మాటను విడదీసి, నిదానంగా, స్పష్టంగా పలికాడు.

ఆమె అంది. సరిపోలేదు. మళ్ళీ పలికాడు. నాలుగోసారికి అచ్చం దక్షిణాది దొరసాని పలికినట్టు పలికింది.

"వచ్చిందా?"

"వచ్చింది వదినా."

"చల్లగా ఉండు నాయనా" అని ఓయ్రిక్ అతని చెంప నిమిరి, పిల్లల్ని వెంటబెట్టుకుని సమాధి వైపు వెళ్ళింది.